‘గంజాయి వల్లే’ అని ఎప్పుడు చెప్పొచ్చు?

రాత్రి పదకొండింటికి క్యాజువాలిటీకి 22 ఏళ్ల కుర్రాడిని తండ్రి, ఇద్దరు స్నేహితులు కలిసి పట్టుకొచ్చారనుకుందాం. నాలుగు రోజులుగా నిద్ర లేదు. ఎదురింటివాళ్లు తన ఫోన్‌లో చిప్ పెట్టారంటాడు, ఫ్యాన్ తిరుగుతుంటే అందులోంచి ఎవరో తన పేరు పెట్టి తిడుతున్నారంటాడు, అమ్మ వడ్డించిన అన్నంలో ఏదో కలిపారని రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు. జేబులో గంజాయి పొట్లం దొరికింది. బయట బెంచీ మీద కూర్చున్న తండ్రి అడిగేది ఒకటే: "ఇదంతా గంజాయి వల్లే కదా డాక్టరు గారూ, మానేస్తే తగ్గిపోతుంది కదా?"

ఆ ప్రశ్నలో సగం ఆశ. గంజాయి వల్లే అయితే అది చెడు సావాసం, హాస్టల్ మాన్పించొచ్చు, ఊరు మార్చొచ్చు, ఫోన్ లాక్కోవచ్చు. కాదంటే జబ్బు. జబ్బంటే రేపు పెళ్లి మాటల దగ్గర ఎవరో ఒకరు ‘ఎర్రగడ్డ’ అనే మాట ఎత్తుతారు. అందుకే మన ఇళ్లలో కారణం ఏంటన్నది ఆసుపత్రిలో తేలకముందే పరువు లెక్కల్లో తేలిపోతుంది. కానీ ఆ రాత్రి ఏ డాక్టరైనా నిజాయితీగా చెప్పగలిగిన జవాబు "ఇప్పుడే చెప్పలేం" అనే. చాలామందికి ఇది దాటవేతలా వినిపిస్తుంది గానీ, మత్తు వల్ల వచ్చే సైకోసిస్‌కీ, స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి దీర్ఘకాలిక మానసిక జబ్బుల్లో వచ్చే సైకోసిస్‌కీ ఆ ఒక్క రాత్రి చూస్తే పెద్ద తేడా కనపడదు. తేడా అంతా దానికి ముందు నెలల్లో, తర్వాతి నెలల్లో ఉంటుంది.

ముందు సైకోసిస్ అంటే ఏంటో చూద్దాం. ఇది ఒక జబ్బు పేరు కాదు, జ్వరం లాంటిది, చాలా జబ్బుల్లో వస్తుంది. ఇందులో ముఖ్యంగా కనిపించేవి రెండు. ఒకటి భ్రమ, అంటే ఎంత నచ్చజెప్పినా కదలని తప్పుడు నమ్మకం: పోలీసులు వెంబడిస్తున్నారు, టీవీలో యాంకర్ నా గురించే మాట్లాడుతోంది. రెండోది భ్రాంతి, అంటే లేనిది వినపడటం, కనపడటం, ఒంటి మీద పాకినట్టు అనిపించడం. వీటికి తోడు మాట పొంతన తప్పొచ్చు. అన్నిటికంటే ఇంట్లోవాళ్లని ఏడిపించేది ఇంకొకటి ఉంది, తనకేదో అయిందన్న స్పృహే మనిషికి లేకపోవడం. "నాకేం కాలేదు, మీకే పిచ్చి" అనే వాడిని ఆసుపత్రికి ఎలా తీసుకెళ్లాలన్నది అనుభవించినవాళ్లకే తెలుసు.

ఇది స్కిజోఫ్రీనియాలో వస్తుంది, బైపోలార్‌లో మేనియా, అంటే పట్టరాని హుషారు, ఉద్రేకం ముదిరినప్పుడు వస్తుంది, తీవ్రమైన డిప్రెషన్‌లో వస్తుంది, కాన్పైన కొద్ది రోజులకి బాలింతల్లో వస్తుంది. మూర్ఛ, మెదడువాపు, థైరాయిడ్ తేడాల్లో కూడా వస్తుంది. మత్తు పదార్థాలతో వస్తుంది. డ్రగ్స్ అనగానే గంజాయి, కొకైన్ గుర్తొస్తాయి గానీ డాక్టరు రాసిన మందులతో కూడా రావచ్చు. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు, పార్కిన్సన్స్‌కి వాడే లెవోడోపా, మొండి టీబీకి ఇచ్చే సైక్లోసెరిన్, వీటికి ఆ పేరుంది. ఆయాసానికి స్టెరాయిడ్ వాడుతున్న తాతయ్య వారం తిరక్కుండా కోడలి మీద అనుమానాలు మొదలుపెడితే, అది ముసలితనపు చాదస్తం అని తీసిపారేయకుండా ముందు మందుల చీటీ చూడాలి.

మన భాషకి ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. ఉమ్మెత్త అనే మాట సంస్కృతంలోని ‘ఉన్మత్త’ నుంచి వచ్చింది. ఉన్మత్త అంటే పిచ్చెక్కినవాడు, ఆ మొక్క పేరు కూడా అదే. ఉమ్మెత్త గింజలు తిన్నవాడికి నోరు ఎండిపోతుంది, కనుపాపలు పెద్దవైపోతాయి, ఒళ్లు వేడెక్కుతుంది, గాలిలో లేని దారాలు ఏరుతూ కూర్చుంటాడు. కానీ డాక్టర్ల లెక్కలో ఇది సైకోసిస్ కూడా కాదు. ఇక్కడే మొదటి చీలిక ఉంది, చాలామంది దాన్ని చూసుకోకుండా ముందుకెళ్లిపోతారు.

ఆ చీలిక అర్థం కావాలంటే తెలంగాణ కల్లు కాంపౌండ్ల సంగతి చెప్పుకోవాలి. చెట్టు కల్లు సరిపోని చోట నీళ్లలో అల్ప్రజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలిపి అమ్మే వ్యాపారం దశాబ్దాలుగా నడుస్తోంది. తాగేవాడు అది కల్లే అనుకుంటాడు, ఒళ్లు మాత్రం రోజూ నిద్రమాత్రకి అలవాటు పడుతుంది. మెదడులో ఉత్సాహాన్ని అదుపు చేసే బ్రేకు ఒకటుంది. ఈ మందులు రోజూ ఆ బ్రేకుని బయటినుంచి నొక్కిపెడుతుంటే మెదడు తన సొంత బ్రేకుని సడలించుకుంటుంది. ఒక్కసారిగా కల్లు దొరక్కపోతే ఇక ఆపేది ఏదీ ఉండదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే కాంపౌండ్లు, మద్యం షాపులు మూతపడ్డాయి. రోజుల్లోనే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం పోటెత్తారు. చేతులు వణకడం, ఫిట్స్, ఎవరో తరుముతున్నారని పరిగెత్తడం, గోడ మీద పురుగులున్నాయని కేకలు. కాంపౌండ్ మూసిన ప్రతిసారీ, దాడులు జరిగి కల్తీ ఆగిన ప్రతిసారీ ఊళ్లలో ఇది కనిపిస్తుంది. "పిచ్చి లేచింది" అంటారు.

అది పిచ్చి కాదు, డెలీరియం. పాతకాలం వాళ్లు సంధి ప్రేలాపన అన్నది దీన్నే. తేడా గుర్తుపట్టడం ఇంట్లోవాళ్లకి కూడా చేతనవుతుంది. డెలీరియంలో ఉన్న మనిషికి పగలో రాత్రో తెలీదు, ఇల్లో ఆసుపత్రో తెలీదు, కాసేపు మామూలుగా మాట్లాడి కాసేపటికి మళ్లీ తేలిపోతాడు, చీకటి పడ్డాక ఇంకా ఎక్కువవుతుంది, కళ్లకి కనపడేవి ఎక్కువ. సైకోసిస్‌లో ఉన్నవాడు మాత్రం ఈ రోజు మంగళవారమనీ, తను ఉన్నది ఫలానా ఊరి ఆసుపత్రిలోననీ, ఎదురుగా ఉన్నది బాబాయి అనీ స్పష్టంగా చెప్తాడు, ఆ బాబాయే తనకి విషం పెడుతున్నాడని కూడా అంతే స్పష్టంగా చెప్తాడు. కల్లో మద్యమో మానేశాక రెండు మూడు రోజులకి వచ్చే డెలీరియం ప్రాణాల మీదికి తెస్తుంది. దానికి కావాల్సింది ఆ నిద్రమందుల కోవకే చెందిన మందులు ఇచ్చి మెల్లగా తగ్గించడం, బి1 విటమిన్, సెలైన్, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడటం. పిచ్చి అనుకుని సైకోసిస్ మందులు మాత్రమే ఇస్తే ఫిట్స్ వచ్చే అవకాశం ఇంకా పెరుగుతుంది. గుడికో, దర్గాకో తీసుకెళ్లి కట్టేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

తాగుడు మానిన వాళ్లలోనే ఇంకో రకం కూడా ఉంది. స్పృహ బాగానే ఉంటుంది, వణుకు పెద్దగా ఉండదు, చెవిలో మాత్రం ఎవరో బూతులు తిడుతూ, బెదిరిస్తూ ఉంటారు. ఇది డెలీరియం కాదు, మద్యం వల్ల వచ్చిన సైకోసిస్. చాలావరకు రోజుల్లో, లేదంటే కొన్ని వారాల్లో పోతుంది. ఒకే సీసా ఇద్దరికి ఇలా రెండు వేరు వేరు సంగతులు తెచ్చిపెట్టవచ్చు.

సరే, డెలీరియం కాదని తేలింది, మనిషి స్పృహలోనే ఉన్నాడు. ఇప్పుడు మత్తా, జబ్బా? పుస్తకాల్లో కొన్ని గుర్తులు రాసి ఉంటాయి. మత్తుది హఠాత్తుగా, రోజుల్లో మొదలవుతుంది. స్కిజోఫ్రీనియా చాలాసార్లు దొంగలా వస్తుంది, ఏడాది, రెండేళ్ల ముందే కుర్రాడు గది తలుపు వేసుకోవడం, స్నేహితుల్ని వదిలేయడం, మార్కులు పడిపోవడం, స్నానం మానేయడం మొదలవుతుంది, ఇంట్లో దాన్ని బద్ధకం అనుకుంటారు. మత్తులో కనపడేవి, ఒంటి మీద పాకేవి ఎక్కువ. కొకైన్, మెత్ (మెతాంఫెటమిన్ అనే ఉత్తేజక మత్తు) వాడేవాళ్లు చర్మం కింద పురుగులున్నాయని గోళ్లతో గీరి పుళ్లు చేసుకుంటారు. స్కిజోఫ్రీనియాలో వినపడేవి ఎక్కువ, అందులోనూ ఇద్దరు ముగ్గురు తన గురించి తమలో తాము మాట్లాడుకున్నట్టు, తను చేసే ప్రతి పనికీ కామెంటరీ చెప్పినట్టు. మత్తు దిగుతుంటే "ఏమో, నాకే అలా అనిపించిందేమో" అనే అనుమానం కాస్త ముందుగా వస్తుంది. ముఖంలో భావం పోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం జబ్బు వైపు మొగ్గు చూపే గుర్తులు.

ఇవన్నీ పనికొస్తాయి, కానీ ఇందులో ఏ ఒక్కటీ గట్టిగా నిలబడదు. ఇంగ్లండ్‌లో ఫిలిప్ కానెల్ అనే సైకియాట్రిస్టు 1958లో యాంఫెటమిన్ అనే ఉత్తేజక మందు వాడి సైకోసిస్ వచ్చిన 42 మంది గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. అప్పట్లో ముక్కుదిబ్బడకి పీల్చే ఇన్‌హేలర్లలో కూడా యాంఫెటమిన్ ఉండేది. ఆయన చెప్పిందేంటంటే, అనుమానాలతో కూడిన స్కిజోఫ్రీనియాకీ దీనికీ లక్షణాలు చూసి తేడా చెప్పడం సాధ్యం కాదని. ఒక మాత్ర సరిగ్గా ఆ జబ్బునే నకలు కొట్టగలుగుతోందంటే, ఆ జబ్బులో కూడా అదే రసాయనం అటూ ఇటూ అవుతోందేమో అన్న ఆలోచన బలపడింది. మెదడులోని డోపమిన్ అనే రసాయనం అతి కావడం వల్లే సైకోసిస్ వస్తుందనే డోపమిన్ సిద్ధాంతానికి ఉన్న ఆధారాల్లో అదొకటి. ఇప్పుడు వాడుతున్న సైకోసిస్ మందుల్లో దాదాపు అన్నీ డోపమిన్ తలుపు దగ్గరే అడ్డం పడతాయి. యాంఫెటమిన్, మెత్ డోపమిన్‌ని కుమ్మరిస్తాయి, మత్తుమందు కెటమిన్ వేరే దారిలో గ్లుటమేట్ అనే ఇంకో మెదడు రసాయనాన్ని అడ్డుకుని భ్రాంతులు పుట్టిస్తుంది, గంజాయిలోని టీహెచ్‌సీ మెదడు సొంతంగా తయారుచేసుకునే గంజాయి లాంటి రసాయనాల (కానబినాయిడ్) వ్యవస్థని పట్టుకుంటుంది. దారులు వేరైనా బయటికి కనిపించే మనిషి మాత్రం ఒకేలా ఉంటాడు.

కాబట్టి మిగిలింది కాలం. అమెరికన్ సైకియాట్రిస్టుల డీఎస్‌ఎం-5 పుస్తకం 2013లో వచ్చింది, అందులో షరతులు ఇలా ఉన్నాయి: లక్షణాలు మత్తులో ఉన్నప్పుడో, మత్తు దిగాకో, మానేసిన కొద్ది రోజుల్లోనో మొదలై ఉండాలి, ఆ పదార్థానికి అలాంటి లక్షణాలు తెచ్చే శక్తి ఉండాలి, వాడకానికి ముందే లక్షణాలు ఉండి ఉండకూడదు, మానేశాక సుమారు నెల దాటి నిలవకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-10 ప్రకారం చాలావరకు వాడిన 48 గంటల్లోపు మొదలవుతుంది, నెలలో కొంతైనా తగ్గుతుంది, ఆరు నెలల్లో పూర్తిగా పోతుంది. ఒకరు నెల అన్నారు, ఒకరు ఆరు నెలల దాకా సాగదీశారు. ఈ గీత ఎక్కడ పడాలో ప్రకృతి ఏమీ చెప్పలేదు, కమిటీలు కూర్చుని గీసుకున్నవి ఇవి. మెత్ విషయంలో అయితే గీత ఇంకా మసక. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్‌లో మెత్ విపరీతంగా వ్యాపించింది. అక్కడి డాక్టర్లు మానేసిన చాలా కాలానికి కూడా లక్షణాలు పోని మనుషుల్ని చూశారు, పూర్తిగా తగ్గినవాళ్లకి ఎప్పుడో చిన్న మోతాదుతో, ఒక్కోసారి ఒట్టి టెన్షన్‌తోనే మళ్లీ తిరగబెట్టడం కూడా చూశారు.

కాగితం మీద సులువుగానే ఉంది. ఇంట్లో ఈ లెక్క వేయాలంటేనే చిక్కు. కుర్రాడు పదహారేళ్లకి గంజాయి మొదలుపెట్టాడు, ఇరవై ఏళ్లకి గొంతులు వినిపించాయి. ‘ముందు’ అనేదే లేదు, అంతా ‘తర్వాత’. స్కిజోఫ్రీనియా సహజంగా బయటపడేది కూడా సరిగ్గా ఆ వయసులోనే. ఇంకొకడికి లోపల ఏదో తేడాగా ఉంది, రాత్రుళ్లు నిద్ర పట్టదు, జనంలో ఉంటే గాభరా, ఒక దమ్ము లాగితే కాస్త ఊరటగా ఉందని అలవాటు చేసుకున్నాడు. వాడి విషయంలో జబ్బు ముందు, గంజాయి తర్వాత, కానీ ఇంట్లోవాళ్లు చూసింది గంజాయిని ముందు. మూత్ర పరీక్ష ఈ చిక్కు తీర్చదు. టీహెచ్‌సీ కొవ్వులో దాక్కుంటుంది, రోజూ తాగేవాడికి మానేసిన వారాల తర్వాత కూడా పాజిటివ్ రావచ్చు. పాజిటివ్ వస్తే వాడాడని తెలుస్తుంది, దానివల్లే వచ్చిందని తెలీదు. మామూలు కిట్లు సింథటిక్ కానబినాయిడ్లని, అంటే ల్యాబుల్లో తయారయ్యే గంజాయి లాంటి మత్తుల్ని పట్టవు, కాబట్టి నెగెటివ్ వచ్చినా ఏ మత్తూ లేదని కాదు. పైగా నెల రోజులు నిజంగా మానేశాడని ఎవరు హామీ ఇస్తారు?

ఇది ఇవాళ్టి గొడవ కాదు. 1893 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటులో కెయిన్ అనే సభ్యుడు ఇండియాలో గంజాయి గురించి ప్రశ్న వేశాడు. దేశంలోని పిచ్చాసుపత్రులు గంజాయి వల్ల పిచ్చెక్కిన వాళ్లతో నిండిపోయాయని అప్పట్లో గట్టి నమ్మకం. ప్రభుత్వం ఏడుగురితో ఒక కమిషన్ వేసింది, అందులో ముగ్గురు భారతీయులు. వాళ్లు దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షులని విచారించారు, పిచ్చాసుపత్రుల రిజిస్టర్లు తిప్పారు. 1892లో చేరిన 1,344 మందిలో 222 మందికి కారణం గంజాయి, భంగు, చరస్ అని రాసి ఉంది. ఒక్కొక్క కేసూ తవ్వితే ఆ మాట కాస్తైనా నిలబడింది 98 మందికే, అందులోనూ 37 మందికి వేరే కారణాలు కలిసి ఉన్నాయి. మరి మిగతావాళ్లకి ఆ కారణం ఎవరు రాశారు? రోగిని తెచ్చిన పోలీసు. కాగితంలో ‘కారణం’ అని ఒక గడి ఉండేది, అది ఖాళీగా ఉంటే కాగితం వెనక్కి వస్తుంది, గంజాయి తాగుతాడా అని అడిగితే ఎవరో ఒకరు అవునంటారు, అదే రాసేసేవాళ్లు. ఆసుపత్రి సూపరింటెండెంటు దాన్నే రిజిస్టర్లోకి ఎక్కించేవాడు. రిజిస్టర్ నుంచి ప్రభుత్వ లెక్కల్లోకి, అక్కడినుంచి పార్లమెంటులోకి.

కమిషన్ గంజాయిని నిర్దోషి అని వదిలేసిందని కొందరు ఇప్పటికీ వాదిస్తుంటారు, అది సగం నిజం. మితంగా వాడితే మనసుకి హాని లేదంది, అతిగా వాడితే పిచ్చి రావచ్చని కూడా ఒప్పుకుంది. వాళ్లు నిజంగా పట్టుకున్నది ఆ గడి సంగతి. ఆ గడి ఇప్పటికీ ఉంది, కాకపోతే పోలీసు బదులు బంధువులు, వాట్సాప్, ఒక్కోసారి తీరిక లేని డాక్టరు నింపుతున్నారు.

అయితే ఆ 1894 నివేదిక దగ్గరే ఆగిపోయినా తప్పే. తర్వాత వచ్చిన లెక్కలు ఇంకో వైపు నుంచి కథ చెప్పాయి. స్వీడన్‌లో సైన్యంలో చేరడానికి వచ్చిన 45 వేలకు పైగా కుర్రాళ్లని పదిహేనేళ్లు గమనించి 1987లో ఫలితాలు ప్రచురించారు. పద్దెనిమిదేళ్లకే 50 సార్లకి మించి గంజాయి వాడినవాళ్లలో, అసలు వాడనివాళ్లతో పోలిస్తే స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు. తర్వాత ఇతర కారణాలు తీసేసి లెక్క కడితే ఆ అంకె తగ్గింది, సంబంధం మాత్రం పోలేదు. 2019లో యూరప్‌లోనూ బ్రెజిల్‌లోనూ పలు చోట్ల చేసిన అధ్యయనంలో, టీహెచ్‌సీ 10 శాతం, ఆ పైన ఉన్న ఘాటు సరుకు రోజూ వాడేవాళ్లలో సైకోసిస్ అవకాశం దాదాపు ఐదు రెట్లు ఉన్నట్టు తేలింది. ఘాటు అనేది ముఖ్యం. ముందు తరాల వాళ్లు ఎరిగిన పలచటి సరుకుకీ, ఇవాళ ఆంధ్రా ఒడిశా సరిహద్దు ఏజెన్సీ నుంచి దిగే శీలావతి రకానికీ, దాన్నుంచి తీసే హాష్ ఆయిల్‌కీ ఒకే పేరు ఉంది గానీ అవి ఒకటి కావు. "మా తాతలు తాగలేదా" అనే వాదన ఇక్కడ చెల్లదు.

ఈ విషయంలో అన్నిటికంటే కీలకమైన అంకెలు డెన్మార్క్ నుంచి వచ్చాయి. 1994 నుంచి 2014 దాకా మత్తు వల్ల వచ్చిన సైకోసిస్ అని ఆసుపత్రి రాసిన 6,788 మందిని వాళ్ల జాతీయ రిజిస్టర్లలో వెంబడించి చూశారు. కాలక్రమంలో 32.2 శాతం మందికి స్కిజోఫ్రీనియా కోవ జబ్బో, బైపోలారో తేలింది. గంజాయి వల్ల వచ్చినవాళ్లని మాత్రమే తీసుకుంటే 47.4 శాతం, అంటే దాదాపు సగం. స్కిజోఫ్రీనియాగా మారినవాళ్లలో సగం మంది మూడేళ్ల చిల్లరలో మారిపోయారు, బైపోలార్‌కి ఇంకాస్త ఎక్కువ, నాలుగేళ్ల పైచిలుకు. 2020లో చాలా దేశాల అధ్యయనాలని కలిపి వేసిన లెక్కలో అంకెలు కొంచెం తక్కువ: మొత్తం మీద 25 శాతం స్కిజోఫ్రీనియాకి మారితే, గంజాయిలో 34, యాంఫెటమిన్‌లో 22, మద్యంలో 9. అంకెలు తేడాగా ఉన్నా వరస అదే. మద్యం వల్ల గొంతులు వినిపించినవాడికి మానేస్తే బయటపడే అవకాశం చాలా ఎక్కువ. గంజాయి వల్ల వినిపించినవాడి విషయంలో ‘మానేస్తే పోతుంది’ అని తండ్రికి మాటివ్వడం, ముగ్గురిలో ఒకరి దగ్గర, డెన్మార్క్ లెక్కయితే ఇద్దరిలో ఒకరి దగ్గర, తప్పుడు మాట అవుతుంది.

దీన్ని రెండు రకాలుగా చదువుతారు. గంజాయే జబ్బుని తెచ్చిపెట్టింది అని ఒకటి. జబ్బు ఎలాగూ రాబోతోంది, గంజాయి దాన్ని ముందుగా లాక్కొచ్చింది, డాక్టర్లు మొదటిసారి చూసి ‘మత్తు’ అని రాశారంతే, అని ఇంకొకటి. రెండూ కొంతకొంత నిజమయ్యే అవకాశమే ఎక్కువ. తల్లికో తండ్రికో తోబుట్టువుకో స్కిజోఫ్రీనియా ఉంటే గంజాయి లేకుండానే పదిలో ఒకరికి వచ్చే అవకాశం ఉంది, అలాంటివాళ్లకి గంజాయి అసలు పనికిరాదు. అటువైపు, ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వేని 2019లో విడుదల చేశారు, దాని ప్రకారం దేశంలో భంగు, గంజాయి, చరస్ ఏడాదిలో ఒక్కసారైనా వాడినవాళ్లు 3.1 కోట్ల మంది. వాళ్లలో అత్యధికులకి సైకోసిస్ రాదు. అంచేత గంజాయి తాగిన ప్రతివాడూ పిచ్చాడవుతాడని స్కూళ్లలో చెప్పే ప్రచారాన్ని పిల్లలు నమ్మరు, తమ క్లాసులోనే తాగి బాగా ఉన్నవాళ్లని చూస్తుంటారు కాబట్టి. ఆ తర్వాత నిజం చెప్పినా వినరు.

వైద్యం దగ్గరికొస్తే మొదటి రాత్రి రెండింటికీ దాదాపు ఒకటే. శాంతపరచడం, నిద్ర పట్టించడం, ఒంట్లో వేరే జబ్బు లేదని పరీక్షలు చేయడం, అవసరమైతే సైకోసిస్ మందు. రెండు మూడు వారాల తర్వాత దారులు విడిపోతాయి. మత్తు మానేసి లక్షణాలు పూర్తిగా పోతే మందు ఎక్కువ కాలం అక్కర్లేదు, డాక్టరు మెల్లగా తగ్గిస్తాడు, అసలు పని మత్తు మాన్పించడం. స్కిజోఫ్రీనియా అయితే మొదటిసారి తగ్గాక కూడా కనీసం ఏడాది రెండేళ్లు మందు వాడమంటారు, ఆపేస్తే తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ.

తప్పులు రెండువైపులా జరుగుతున్నాయి. పదో రోజుకి కుర్రాడు మామూలుగా మాట్లాడగానే "గంజాయి మానేశాడుగా, ఇంక మందులెందుకు, అవి వాడితే మొద్దుబారిపోతాడు" అని ఇంట్లోనే ఆపేస్తారు, ఆరు నెలలకి మళ్లీ అదే క్యాజువాలిటీ. లేదా జబ్బున్నవాడిని తీసుకెళ్లి సైకియాట్రిస్టే లేని డీ-అడిక్షన్ సెంటర్లో పడేస్తారు, అక్కడ గొంతులు వినిపిస్తున్నాయంటే నాటకాలాడుతున్నాడని కొడతారు. అటువైపు చూస్తే, ఒక్కసారి మత్తులో వచ్చిన సైకోసిస్‌కి స్కిజోఫ్రీనియా ముద్ర వేసేసి ఏళ్ల తరబడి మందు మింగించిన కేసులూ ఉంటాయి, మత్తు గురించి ఎవరూ అడగనే అడగరు. ఆడపిల్లల్ని అసలే అడగరు. ఇంకా ఘోరం ఏంటంటే, జబ్బూ అలవాటూ రెండూ ఉన్నవాడిని సైకియాట్రీ వార్డు ముందు గంజాయి మానిపించి తెమ్మంటుంది, డీ-అడిక్షన్ వార్డు ముందు సైకోసిస్ తగ్గించి తెమ్మంటుంది.

చట్టం మాత్రం ఈ ఇద్దరినీ ఒక చోట కలిపి, ఒక చోట విడదీసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా మానసిక అనారోగ్యం అనే నిర్వచనంలో చేర్చింది. నేరం దగ్గరికొస్తే వేరు: భారతీయ న్యాయ సంహితలో మతి చెడిన స్థితికి 22వ సెక్షన్, మత్తుకి 23వ సెక్షన్. తనంతట తాను మత్తు తీసుకున్నవాడికి 23 పెద్దగా ఆసరా ఇవ్వదు, తెలీకుండానో బలవంతంగానో ఇచ్చి ఉంటేనే. గంజాయి గురించి డాక్టరుకి నిజం చెప్తే పోలీసులొస్తారని చాలామంది భయపడి దాస్తారు. డాక్టరు అడిగేది వైద్యం కోసం, కేసు కోసం కాదు. మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ కూడా, కొద్ది మొత్తంతో పట్టుబడ్డ అలవాటుపరుడు తనంతట తాను చికిత్సకి ఒప్పుకుని పూర్తి చేస్తే విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. ఎవరిని అడగాలో తెలియనివాళ్లకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది తేదీలు. మొదటిసారి గంజాయి ఎప్పుడు, ఎంత, చివరిసారి ఎప్పుడు, మాట మొదట తేడాగా అనిపించింది ఏ పండక్కి, అంతకు ముందు ఏడాది కాలేజీలో ఎలా ఉన్నాడు, మధ్యలో ఎప్పుడైనా నెలా రెండు నెలలు మానేశాడా, మానేసినప్పుడు ఎలా ఉన్నాడు. ఇందులో సగం అమ్మకి తెలుసు, సగం రూమ్‌మేట్‌కి తెలుసు, ఇద్దరూ ఒకచోట కూర్చుని చెప్పిన రోజు చిత్రం చాలావరకు తేలుతుంది.

మన దగ్గర డాక్టర్లు ఓపీ చీటీ మీద రోగం పేరు ముందు ఒక్కోసారి ప్రశ్న గుర్తు పెడతారు. దాన్ని చూసి "ఈయనకే తెలీదు, ఇంకెవరికి తెలుస్తుంది" అని చీటీ మడిచి ఇంకో ఆసుపత్రికి వెళ్తారు, అక్కడ కొత్త చీటీ, మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. ఆ గుర్తుని తీసేయడానికి కావాల్సింది ఒకే డాక్టరు అదే కుర్రాడిని నెలకీ, ఆరు నెలలకీ, ఏడాదికీ, కుదిరితే మూడేళ్ల దాకా చూడటం. పాత చీటీ మాత్రం బీరువాలో కరెంటు బిల్లుల కింద ఉంటుంది, ప్రశ్న గుర్తుతో సహా.